ఏ జోడుకు గిరాకీ ఎక్కువ?

ఏటూరునాగారం సంతలో మేకల బేరం ఎప్పుడైనా నిలబడి విన్నారా? అమ్మేవాడు చెప్పే ధర ఒకటి, బేరం తెగే ధర మరొకటి. లెక్కకు పనికివచ్చేది రెండోదే. పాత బూట్ల సంగతీ అంతే.

పాత బూట్లేమిటని నవ్వకండి! స్నీకర్లనే ఆటబూట్లను కొని, తొడగకుండా దాచి, తిరిగి అమ్మేవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. 1985లో ఎయిర్ జోర్డాన్ జోడు అంగడి ధర 65 డాలర్లు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ ఆటలో తొడిగి, సంతకం చేసిన జోడు 2020లో సోథెబీస్ వేలంలో 5,60,000 డాలర్లు పలికింది. అసలు ధరకు 8,600 రెట్ల పైమాటే! అయితే ఆ డబ్బు బూటు నమూనాకా, తొడిగిన కాలికా?

ఒక లెక్క చేద్దాం. అంకెలు నేను కల్పించినవే. 'క' నమూనా కొత్తలో 5,000 రూపాయలు. అయిదు జోళ్లు తిరిగి అమ్ముడైన ధరలు: 9,000, 9,500, 10,000, 10,500, 41,000. 'ఖ' నమూనా కొత్తలో 8,000. తిరిగి అమ్ముడైనవి: 11,000, 11,500, 12,000, 12,500, 13,000.

సగటు తీయండి. 'క' 16,000, 'ఖ' 12,000. 'క'దే పైచేయి అనిపిస్తుంది. కాని 41,000 పలికిన జోడు మీద ఎవరో ఆటగాడి సంతకం ఉందనుకోండి. ఆ ఒక్కటే సగటును పైకి లాగేసింది! ధరలను వరుసగా పేర్చి నడిమిది చూడండి. దానినే మధ్యగతం అంటారు. 'క'కు 10,000, 'ఖ'కు 12,000. ఇప్పుడు 'ఖ' ముందుకొచ్చింది. తొందరపడకండి! మధ్యగతాన్ని కొత్త ధరతో భాగించండి. 'క' రెండు రెట్లు, 'ఖ' ఒకటిన్నర రెట్లు. ఏది ఖరీదైనదని అడిగితే 'ఖ', ఏది ఎక్కువ పెరిగిందని అడిగితే 'క'.

పోల్చే జోళ్లు ఒకే స్థితిలో ఉండాలి, ఇంచుమించు ఒకే కాలంలో అమ్ముడై ఉండాలి. కొన్ని బూట్ల అడుగున పాలీయురేథేన్ నురుగు ఉంటుంది. గాలిలోని తేమ దాని రసాయన బంధాలను మెల్లగా తెంపుతుంది. ఇది జలవిశ్లేషణ. పెట్టెలో దాచినా కొన్నేళ్లకు అడుగు పొడిపొడిగా రాలుతుంది. మన గోదావరి ఒడ్డు వానాకాలంలోనైతే చెప్పనే అక్కరలేదు! అందుచేత చెడకుండా మిగిలిన పాత జోళ్లు అరుదై, వాటి ధర పెరగవచ్చు. అది నమూనా గొప్ప కాదు.

మీరూ చేసి చూడండి. పాత సైకిళ్లు అమ్మినవారిని అడిగి, రెండు రకాల సైకిళ్లకు అయిదేసి తెగిన ధరలు రాసుకోండి. కొత్తలో కొన్న ధర, వాడిన ఏళ్లు పక్కన వేయండి. సగటుకూ మధ్యగతానికీ తేడా బాగా కనిపిస్తే, మిగతావాటికి దూరంగా నిలిచిన ధర ఏ సైకిలుదో వెళ్లి కళ్లారా చూసి రండి.