పాన్‌దాన్‌ మీద లేని బొమ్మ

ఖైనీ, జర్దా పొట్లాల మీద కనిపించే భయంకరమైన బొమ్మను కంపెనీలు దయతలచి వేయడం లేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం కింద 2009 మే 31 నుంచి అది తప్పనిసరి అయింది.

మొదట్లో నమిలే పొగాకు మీద ఏ బొమ్మ వేశారో తెలుసా? తేలు బొమ్మ! చదువు రాని మనిషికి ఆ తేలును చూస్తే ఏం బోధపడుతుంది? నోటి క్యాన్సర్ సంగతి అందులో ఎక్కడుంది? 2011 డిసెంబరు 1 నుంచి దాని స్థానంలో పుండ్లు పడిన నోటి బొమ్మలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి పొట్లానికి రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరికే ఉండాలన్నారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేయగా, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

బజారులో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించి, దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని మందలించిన ఉదంతం మదరసా పిల్లలకు సైతం తెలుసు. పొట్లం మీది బొమ్మ అలా పైకి తెచ్చిన తడే. అయితే లోపం చూపించినంత మాత్రాన సరుకు మంచిదైపోదు, ఆ మాట వేరు.

బొమ్మ కంటపడితే మనసు కదులుతుంది. 2016-17 జాతీయ సర్వేలో నమిలే పొగాకు వాడేవారిలో దాదాపు 46 శాతం మంది హెచ్చరిక చూసి మానేద్దామని ఆలోచించినట్లు చెప్పారు.

మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? జర్దా ఇంటికి రాగానే పాన్‌దాన్‌లోకి ఒంపేస్తాం. బొమ్మ చెత్తబుట్ట పాలవుతుంది. పాన్ చుట్టుకునే దాదీమాకు అది ఒక్కసారైనా కనబడదు. విడిగా తూచి అమ్మే పొగాకుకైతే అసలు బొమ్మే ఉండదు. పైగా దాన్ని తెమ్మని పంపేది పదేళ్ల మనవడిని! 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం నేరమని ఇదే చట్టం అంటోంది. దుకాణదారుడు తప్పు చేస్తున్నాడు సరే, వాడి చేతిలో డబ్బులు పెట్టి పంపిందెవరు?

సోదరీమణులారా! ఈసారి జర్దా ఒంపే ముందు ఆ బొమ్మను పెద్దవారికి చూపించండి, కింది అక్షరాలు చదివి వినిపించండి. మానాలనుకునేవారికి సలహా ఇచ్చే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 కూడా 2018 సెప్టెంబరు నుంచి దాని మీదే ముద్రిస్తున్నారు. బుగ్గ లోపల తెల్లమచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే జాప్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.