గ్రహముల చెంత నౌక జాడ

విశాఖపట్టణపు రేవునకు కాపువలె సముద్రములోనికి చొచ్చుకొనియున్న కొండను డాల్ఫిన్స్ నోస్ అందురు. పందొమ్మిదవ శతాబ్దములో ఆ కొండమీది ధ్వజస్తంభముపై జెండా గుర్తుతో ప్రతిదినము ఉదయము 9 గంటల వేళను తెలియజేయుచుండిరి. ఈ ఏర్పాటు గోడే వెంకట జగ్గారావు గారిది. ఆయన 1840లో విశాఖలోని డాబా గార్డెన్సునందు వేధశాలను నెలకొల్పిన జమీందారు.

ఒక జెండాకు ఇంత ప్రాముఖ్యమెందుకని అడుగవచ్చును. నడి సముద్రములో మైలురాళ్ళు లేవు. తూర్పు పడమరలలో తన ఓడ ఎచ్చట నున్నదో తెలిసికొనుటకు ఆనాటి నావికునికి సూర్యుడు, నక్షత్రములు, నమ్మదగిన గడియారము ముఖ్యాధారములు. గడియారము ఒక్క నిమిషము తప్పినచో, విశాఖ అక్షాంశమువద్ద ఓడ స్థానము 26 కిలోమీటర్లకు పైగా తప్పిపోవును.

జగ్గారావు గారి తరువాత వేధశాలను నడిపినవారు ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచినపుడు ఆయన విశాఖనుండి దానిని పరిశీలించిరి. ఆ దినమున వివిధ దేశములలోని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు గడియారములు చేతబట్టి కనిపెట్టుకొనియుండిరి. వేరు వేరు చోట్లనుండి గుర్తించిన వేళలను పోల్చి, భూమికి సూర్యునకు గల దూరమును లెక్కగట్టుట వారి ఉద్దేశము. ఆ దూరము సుమారు 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లని నేడు నిశ్చయముగా తెలియును. నరసింగరావు గారు దుర్భిణిలో చూచిన ఆ శుక్రుని ప్రక్కగనే 1962 డిసెంబరు 14న మారినర్-2 అను అమెరికా నౌక సుమారు 35 వేల కిలోమీటర్ల దూరమున సాగిపోయినది. ఒక గ్రహమును సమీపించి సమాచారము పంపిన మొదటి నౌక అదియే.

ఇట్టి నౌక కంటికి కానరాదు. దాని జాడ తెలియుట ఎట్లు? భూమినుండి రేడియో సంకేతమును పంపుదురు. నౌక దానిని అందుకొని తిరిగి పంపును. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, పోయి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తేలును. కొండ యెదుట కేకవేసి ప్రతిధ్వని కొఱకు ఎదురుచూచుట వంటిదే ఇది. మన దేశమున ఈ పనికై బెంగుళూరు సమీపమున బ్యాలాలు గ్రామమువద్ద 32 మీటర్ల వెడల్పుగల పెద్ద యాంటెన్నా ఉన్నది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుని చేరిననాడు, అక్కడినుండి సంకేతము భూమికి వచ్చుటకు పన్నెండున్నర నిమిషములు పట్టినది.

ఆ మంగళయాన్ ప్రయాణారంభములో సముద్రపు ఓడలకును పాత్ర ఉన్నది. శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు దక్షిణ పసిఫిక్ సముద్రముపై పోవునపుడు సంకేతములు అందుకొనుటకు నలంద, యమున అను రెండు ఓడలను అచ్చటికి పంపిరి. ప్రతికూల వాతావరణమువలన ఒక ఓడ చేరుట ఆలస్యము కాగా, 2013 అక్టోబరు 28న జరుగవలసిన ప్రయోగము నవంబరు 5కు వాయిదాపడినది. కనిపెట్టువారు లేక నౌకను పంపుటకంటె వారము రోజులు ఆగుటయే మేలని తలచిరి.

వేగమును తెలిసికొనుటకు వేరొక ఉపాయము కలదు. దువ్వాడ స్టేషనులో ఆగక పోవు రైలు కూతను వినుడు. దగ్గరకు వచ్చునపుడు కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోగానే తగ్గు స్థాయిలోను వినబడును. నౌకనుండి వచ్చు రేడియో తరంగమునందును ఇట్టి మార్పే కలుగును. దానినిబట్టి నౌక మనకు ఎంత వేగముతో దూరమగుచున్నదో తెలియును.

గ్రహమును దాటు సమయమే మిక్కిలి కీలకమైనది. గ్రహాకర్షణవలన నౌక దారి వంగును. మరికొంత దగ్గరగా పోయినచో మరికొంత వంగును. పొలము సరిహద్దు గీయునపుడు మొదటి రాయివద్ద బెత్తెడు వంకరపోయిన గీత, ఆవలి గట్టున గజములకొలది తప్పును గదా! 1977లో బయలుదేరిన వాయేజర్-2 గురు, శని, యురేనస్ గ్రహముల ఆకర్షణతో దారి మలచుకొనుచు 1989 ఆగస్టులో నెప్ట్యూన్‌ను చేరినది. ఒక్కొక్క గ్రహమువద్ద గురి తప్పకుండుట చేతనే తరువాతి గ్రహము దొరికినది.

గురి తప్పిన నౌకయు కలదు. 1999 సెప్టెంబరు 23న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకునికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసియుండగా, 57 కిలోమీటర్లకు దిగి నశించినది. నౌకలోని చిన్న ఇంజనుల త్రోపును ఒక విభాగమువారు పౌండ్ల కొలతలో ఇయ్యగా, దారిని లెక్కగట్టువారు దానిని న్యూటన్లుగా తీసికొనిరి. ఒకటికి నాలుగున్నర రెట్లు తేడా! పైగా రైలు కూత పద్ధతి ఎదురెదురు వేగమునే చూపును. ప్రక్కకు జరిగిన తప్పు అందులో స్పష్టముగా కానరాదు. కొందరికి అనుమానము కలిగినను, దానిని నియమము ప్రకారము వ్రాతపూర్వకముగా నమోదు చేయక మాటలతో సరిపెట్టిరి.

మన భూముల రికార్డులలో ఒకచోట ఎకరములు సెంట్లు, మరొకచోట హెక్టార్లు ఆర్లు ఉండును. ఒక హెక్టారు దాదాపు రెండున్నర ఎకరములు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఆరంభమైన రీసర్వేలో పొలముల హద్దులను ఉపగ్రహ సంకేతములతోనే కొలిచిరి. యంత్రము ఎంత సూక్ష్మముగా కొలిచినను, పుస్తకమున ఎక్కించునపుడు అంకె ప్రక్కన కొలత పేరు లేకున్న, రైతు ఇబ్బంది రైతునకు తప్పదు.

ప్రక్కకు జరిగిన తప్పును పట్టుటకు రెండు చోట్లనుండి చూడవలెను. దీనిని గ్రామములోని బడిపిల్లలకు సులభముగా చూపవచ్చును. చెరువు గట్టుపై 50 మీటర్ల ఎడముగా రెండు మేకులు పాతి, ఒక్కొక్క మేకునుండి ఆవలి ఒడ్డున ఉన్న తాటిచెట్టునకు కోణమును కొలిచి, కాగితముపై 10 మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున గీయవలెను. గీతలు కలిసినచోట చెట్టుండును. పిమ్మట మేకులను రెండు మీటర్ల ఎడముగా మార్చి చూడుడు: గీతలు దాదాపు సమాంతరములై, ఎచ్చట కలియునో తేల్చుట కష్టమగును. అమెరికావారి మూడు కేంద్రములు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లోను, స్పెయిన్‌లోని మాడ్రిడ్ వద్దను, ఆస్ట్రేలియాలోని కాన్బెర్రా వద్దను వేల కిలోమీటర్ల ఎడముగా నిలిచియుండుట ఈ పనికి తోడ్పడును.