ఖాళీ ఇల్లు బాగుచేస్తే సర్కారు డబ్బిస్తుందా?

ప్రశ్న: మా నాయన కట్టిన మిద్దె నాలుగేళ్లుగా తాళం వేసి ఉంది. వానొస్తే కారుతుంది. బాగుచేసి బాడుగకు ఇద్దామని ఉంది. డబ్లిన్‌లో ఉన్న మా అబ్బాయి, అక్కడైతే ఇలాంటి ఇళ్లకు ప్రభుత్వమే 50 వేల యూరోలు ఇస్తుందంటున్నాడు. మనకూ అట్లాంటిది ఏమైనా ఉందా సార్?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఐర్లండ్‌లో 2007 లోపు కట్టి, రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇంటి మరమ్మతుకు 50 వేల యూరోల దాకా, బాగా పాడుబడిన ఇంటికి 70 వేల దాకా ఇస్తారు. 2023 మే నుంచి బాడుగకు ఇచ్చే ఇళ్లకూ వర్తింపజేశారు. ఐదేళ్లలోపు అమ్మితే మాత్రం మొత్తం వెనక్కి కట్టాలి. ఇళ్ల కరువు తీవ్రంగా ఉండబట్టే అక్కడ ఆ పథకం వచ్చింది.

మన దగ్గర సొంతిల్లు బాగుచేసి బాడుగకు ఇచ్చుకోవడానికి అట్లాంటి గ్రాంటు లేదు. పట్టణ పీఎం ఆవాస్ రెండో విడతలో గృహరుణం మీద 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ ఉంది గానీ, అది దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకు. మిద్దె ఉన్న మీకు రాదు.

మీకు అందేవి రెండున్నాయి. మొదటిది పీఎం సూర్యఘర్. మిద్దె మీద 3 కిలోవాట్ల సౌర పలకలు పెట్టించుకుంటే 78 వేల సబ్సిడీ. పని పూర్తయ్యాక మీ ఖాతాలో పడుతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ద్వారా సాగుతుంది. కారే మిద్దె మీద పలకలు బిగిస్తే తర్వాత విప్పదీయాల్సి వస్తుంది కాబట్టి కారుడు ముందు ఆపించండి.

రెండోది ఆదాయపు పన్నులో. నెలకు 10 వేల బాడుగ వస్తే ఏడాదికి 1,20,000. మీరు కట్టిన ఇంటిపన్ను 5 వేలు తీసేస్తే 1,15,000. అందులో 30 శాతం, అంటే 34,500, మరమ్మతుకు మీరు ఎంత పెట్టినా పెట్టకపోయినా తగ్గించుకోవచ్చు. మరమ్మతు కోసం అప్పు తీసుకుని ఉంటే దాని వడ్డీ కూడా తగ్గుతుంది. బ్యాంకు కాగితాలు దాచుకోండి.

ప్రశ్న: కింద మేముంటున్నాం. పైన మూడు గదులు ఖాళీ. కొండకు వచ్చే భక్తులకు హోమ్‌స్టేగా ఇస్తే సబ్సిడీ వస్తుందా అండీ?
– ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీరు అదే ఇంట్లో ఉండటమే మీకు కలిసొచ్చే విషయమమ్మా. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపుకు యజమాని కుటుంబం అక్కడే కాపురముండాలి. గదులు ఒకటి నుంచి ఆరు దాకా, మంచాలు పన్నెండుకు మించకూడదు. బెంగుళూరులో ఉంటూ తిరుపతి ఇంటికి తాళం వేసినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఇక డబ్బు సంగతి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించారు. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తాకట్టు అడగరు గానీ ఇది వడ్డీతో తీర్చాల్సిన అప్పు. మూడు గదులకూ సున్నం, బాత్రూములు, మంచాలు, గీజర్లకు ఎంతవుతుందో మేస్త్రీతో రాయించుకుని, అంతకే అడగండి. వైకుంఠ ఏకాదశికి, బ్రహ్మోత్సవాలకు గదులు నిండుతాయని ఏడాదంతా నిండినట్టు లెక్కలేసుకోవద్దు. రద్దీ లేని నెలల్లో కూడా కట్టగలిగిన కంతుకే సంతకం పెట్టండి. వచ్చినవాళ్ల ఆధార్ వివరాలు పుస్తకంలో రాసుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలపాలి.

ప్రశ్న: పల్లెలో మా తాత ఇల్లు ఖాళీగా ఉంది. 'మరమ్మతు గ్రాంటు 3 లక్షలు ఇప్పిస్తా, ముందు ఖర్చులకు 15 వేలు ఇవ్వు' అంటున్నాడు ఒకాయన. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఆ 3 లక్షల మాట ఊరికే పుట్టలేదు. 2024 అక్టోబర్ 2న మొదలైన గిరిజన గ్రామాల పథకం కింద దేశమంతా కలిపి వెయ్యి హోమ్‌స్టేలకు సాయం చేయాలని పెట్టుకున్నారు. ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా, కొత్తగా కట్టుకోవడానికి 5 లక్షల దాకా ఇస్తారు. అది గిరిజన కుటుంబాలకు, అతిథుల కోసం. దాన్నే అందరికీ వస్తుందని చెప్పి దళారులు వసూళ్లు చేస్తున్నారు.

మీ అసలు చిక్కు కాగితాల్లో ఉంది. ఇల్లు ఇంకా తాత పేరనే ఉంటే వారసులందరి సంతకాలు లేకుండా బ్యాంకు అప్పివ్వదు. గ్రామకంఠంలో ఉంటే దస్తావేజే ఉండకపోవచ్చు. అలాంటి ఇళ్లకు యాజమాన్య కార్డులు ఇవ్వడానికే 2020లో స్వామిత్వ సర్వే మొదలైంది. మీ ఊళ్లో ఆ సర్వే అయిందేమో సచివాలయంలో అడగండి. భోగ్యానికిచ్చి, వచ్చిన మొత్తంతో మరమ్మతు చేయిద్దామన్నా పత్రం రిజిస్టరు చేయించండి. గడువు తీరాక ఆ సొమ్ము తిరిగివ్వాలన్నది మరవొద్దు.

పాఠకులందరికీ ఒక మాట: సున్నానికి, సిమెంటుకు డబ్బు తీసేముందు హక్కు పత్రం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటిపన్ను రసీదు మూడూ ఒకే పేరున ఉన్నాయో లేదో చూసుకోండి. బాడుగ ఒప్పందం తప్పకుండా రిజిస్టరు చేయించండి.