పాత వెండి రూపాయలు: వాని తూకము, విలువ

శంషాబాదు చుట్టుపట్ల గ్రామములలో అనేక గృహములందు పెట్టె అడుగున పాత వెండి రూపాయలు నేటికిని గలవు. పెద్దలు వానిని పెండ్లి ఖర్చులకును కరవు కాలమునకును దాచిరి. ఇప్పుడు వానిని అంగడికి గొనిపోవువారిలో పలువురు తూకము గాని, వెండి పాలు గాని తెలియకయే ఇచ్చివేయుచున్నారు. ధాన్యమును త్రాసున బెట్టక అమ్మని రైతు వెండిని మాత్రమేల అట్లు అమ్మవలయును? ఆ లెక్కను ఈ పాఠమున దెలుపుచున్నాము.

రూపాయలలో భేదములు

మన ప్రాంతమున రెండు విధములైన రూపాయలు చెలామణి అయినవి. మొదటిది నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా. చార్మినారు బొమ్మ గల హాలీ రూపాయిపై ద్వారములో 'మీమ్' అక్షరమున్నచో మహబూబ్ అలీ ఖాను కాలమునాటిది; 'ఐన్' ఉన్నచో ఉస్మాన్ అలీ ఖాను కాలమునాటిది. దానిపైనుండునది హిజ్రీ సంవత్సరము. క్రీస్తు శకమని భ్రమపడరాదు. రెండవది ఆంగ్ల ప్రభుత్వపు కల్దారు రూపాయి. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకముగా నుండెను.

1. 1940కి పూర్వపు హాలీ రూపాయి: తూకము 11.18 గ్రాములు. వేయి పాళ్లలో 818 పాళ్లు వెండి. అనగా వెండి 9.14 గ్రాములు.
2. 1940కి పూర్వపు కల్దారు రూపాయి: తూకము 11.66 గ్రాములు, వెండి 10.69 గ్రాములు.
3. 1940 మొదలు 1945 వరకు గల కల్దారు రూపాయి: తూకము అంతయే, కాని వెండి సగమే, 5.83 గ్రాములు.
4. 1947 నాటి రూపాయి: నికెలుది. వెండి లేదు. అయస్కాంతమునకు అంటుకొనును.

లెక్క కొరకు గ్రాము వెండి నూరు రూపాయలనుకొందము. మొదటిదానిలో 914 రూపాయల వెండియు, రెండవదానిలో 1,069 రూపాయల వెండియు, మూడవదానిలో 583 రూపాయల వెండియు గలదు. అన్నింటిని ఒకటిగా గలిపి తూచిన ఎవరికి నష్టమో చెప్పనక్కరలేదు. కావున ముందుగా వేరుపరచి, ఆ దినపు ధరతో గుణించి, పిమ్మట అంగడికి బోవలయును. పాత తులము 11.66 గ్రాములు; నేడు అంగళ్లలో తులమన్న పది గ్రాములే. ఏ తులమో అడిగి తెలిసికొనుడు.

కొన్ని నాణెములకు వెండికి మించిన విలువ గలదు. చింతపండుతోను బూడిదతోను తోమినచో ఆ విలువ తగ్గును. తోమక, కరగింపక, పొడి కాగితములో నుంచవలయును. పోల్చి చూడగోరువారు హైదరాబాదు సైఫాబాదు టంకశాలలో 2022లో తెరువబడిన ప్రదర్శనశాలను దర్శింపవచ్చును.

కొనునపుడు

పట్టీలు, కడియములు కొనునపుడు బి.ఐ.ఎస్. ముద్రయు, స్వచ్ఛతను దెలుపు అంకెయు చూడుడు. 925 అనగా వేయి పాళ్లలో 925 పాళ్లు వెండి. మజూరీని వేరుగా వ్రాయించి రసీదు పుచ్చుకొనుడు. జర్మను సిల్వరు పేరునకే వెండి. అందున్నవి రాగి, నికెలు, తుత్తునాగములే.

చట్టము

దున్నునపుడు భూమిలో పాతిన నాణెములు దొరకినచో దాచరాదు. 1878 నాటి నిధి చట్టము ననుసరించి జిల్లా కలెక్టరునకు వ్రాతమూలముగా దెలుపవలయును. తెలిపినవానికి చట్టము హక్కు గల్పించుచున్నది. దాచినవానికి ఆ హక్కు పోవుటయేగాక శిక్షయు గలదు. పెద్దబంకూరున భూమిలో దొరకిన వేలకొలది నాణెముల వలననే శాతవాహనుల కాలపు చరిత్ర మనకు మరింత తెలిసినది.

2008 నుండి మన ఊరి చెంతనే విమానాశ్రయము గలదు. మన బిడ్డలు పరదేశములకు బోవుచున్నారు. నూరేండ్లు నిండిన నాణెము 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. జ్ఞాపకార్థమైనను దానిని దేశము దాటింపరాదు. ఈ సంగతిని ప్రయాణమునకు ముందే బిడ్డలకు దెలుపుడు.

ప్రతి సంఘమును గ్రాములు చూపు చిన్న త్రాసు నొకదానిని కార్యాలయమున నుంచుట మేలని మా సలహా. ఇంటనే తూకము తెలిసినవానిని అంగడిలో మోసగించుట సులభము కాదు.