మరచిపోవడం ప్రేమ లేకనేనా?

ఒక ఆదివారం అరసవల్లిలో మంచాన ఉన్న ఒక అవ్వకు దివ్యసత్ప్రసాదం తెస్తానని మాట ఇచ్చాను. పూజ ముగియగానే ఒకరు పెళ్ళి చాటింపుల సంగతి, మరొకరు జ్ఞానస్నాన పత్రం అడిగారు. సాయంత్రం త్రికాల జపం గంట మోగితే గాని అవ్వ జ్ఞాపకం రాలేదు. వెళ్ళేసరికి ఆమె ఉదయం నుండి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. “మర్సిపోనారా బాబూ?” అంది, అంతే.

జరిగినది తలచుకోవడం వేరు, చేయవలసినది వేళకు తలపునకు రావడం వేరు. పరీక్షలో ప్రశ్నపత్రం మనలను అడుగుతుంది. ఇక్కడ అడిగేవారు ఉండరు. ఐన్‌స్టైన్ (భౌతికశాస్త్రవేత్త కాదు, వేరొకరు), మెక్‌డానియల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన పరిశోధనలో, ఫలానా మాట కనబడగానే ఫలానా మీట నొక్కాలన్నప్పుడు వృద్ధులు యువకులకు తీసిపోలేదు. గడియారాన్ని తామే కనిపెట్టుకోవలసినప్పుడు వెనుకబడ్డారని 1995 నాటి పరిశోధన తెలిపింది.

కాబట్టి ఇంట్లో పెద్దవారు మాత్ర మరచిపోతే కసరకండి. “రాత్రి 8 గంటలకు” అనకండి; “కుటుంబ ప్రార్థన ముగించి జపమాల మేకుకు తగిలించగానే” అనండి. మాత్రల డబ్బా ఆ మేకు కిందనే ఉంచండి. ఇటువంటి తీర్మానాలు ఉత్త తీర్మానాలకంటే బాగా నెరవేరుతాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు గోల్‌విట్జర్ 1999లో వివరించారు.

మరపు పాపం కాదు. మరచిపోతానని తెలిసీ ఏ గుర్తూ పెట్టుకోకపోవడం మాత్రం నా తప్పే. ఇప్పుడు శనివారం రాత్రే ఖాళీ సత్ప్రసాద పేటికను స్కూటరు తాళం మీద పెడుతున్నాను.