యంత్రపు కన్ను – దాని దీపము



గ్రామఫోను రికార్డును మీలో పలువురు చూచియే యుందురు. రికార్డు తిరుగుచుండగా సూది దాని గాడిలో నడచును. ఆ గాడి వంకరలే ధ్వనికి మూలము. సూదిని రికార్డుపై మెల్లగా దింపుటయు, పాట ముగియగానే పైకెత్తుటయు సాధారణముగా మన చేతిపని. దానికి వలసిన చూపు మన కంటిదే. ఆ చూపును యంత్రమునకే యిచ్చిన టర్న్‌టేబిల్ ఒకటి కలదు. దాని కన్ను పాతబడినపుడు ఏమగునో, దానిని బాగుచేయు విధమెట్టిదో యీ వ్యాసమున తెలిసికొందము.

డెన్మార్కు దేశమున స్ట్రూయర్ పట్టణమందలి బాంగ్ అండ్ ఓలుఫ్సెన్ సంస్థ 1972వ సంవత్సరమున బియోగ్రామ్ 4000 అను యంత్రమును వెలువరించెను. దాని రూపమును కల్పించినవాడు యాకోబ్ యెన్సెన్. రికార్డును మొదట చెక్కునపుడు చెక్కెడి మొన అంచునుండి నడిమికి తిన్నని గీతమీద కదలును. సాధారణపు టర్న్‌టేబిల్ చేయి యొకచోట బిగింపబడి చాపముగా తిరుగును గనుక, సూది గాడికి కొంచెము ఏటవాలుగా నిలుచును. బియోగ్రామ్ చేయి యట్లుగాక, చెక్కిన మొన నడచినట్లే తిన్నగా నడచును.

ఈ యంత్రమునకు ప్రక్కప్రక్కన రెండు చేతులు గలవు. ఒకటి చూచెడి చేయి, మఱియొకటి సూది చేయి. చూచెడి చేతిలో చిన్న దీపమును, వెలుతురును గ్రహించు పరికరమును అమర్చబడియున్నవి. క్రింది లోహపు పళ్ళెముమీద నల్లని పట్టీలు గలవు. రికార్డు లేనిచో, పళ్ళెము తిరుగుచుండగా తిరిగివచ్చు వెలుతురు పట్టీ పట్టీకి హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ హెచ్చుతగ్గులను బట్టి యంత్రము రికార్డు లేదని యెంచి, సూదిని దింపదు. రికార్డు ఉన్నచో పట్టీలు కప్పబడి వెలుతురు ఒకే తీరున వచ్చును. అది 12 అంగుళములదైన నిమిషమునకు 33⅓ చుట్లును, 7 అంగుళములదైన 45 చుట్లును తిప్పి, తగిన స్థలమున సూదిని దింపును.

సూది చేతికిని వేఱొక కన్ను కలదు. గాడి సూదిని లోపలికి లాగగా చేయి డిగ్రీలో స్వల్పభాగము వంగును. అంతమాత్రమునకే యొక చిన్న తెర కదలి వెలుతురు మాఱును. మోటారు మఱను త్రిప్పి చేతిని ముందునకు జరుపును.

ఇక లోపమెట్లు కలుగునో చూడుడు. పాత దీపములోని టంగ్‌స్టన్ తీగ ఏండ్ల తరబడి ఆవిరియై గాజు లోపల నల్లగా పేరుకొనును; వెలుతురు తగ్గును. కెపాసిటర్లలోని ద్రవము ఎండిపోయి, అందు విద్యుత్తు స్థిరత చెడును. పదిపాళ్లు వోల్టులు తగ్గినచో తీగదీపపు వెలుతురు ఇంచుమించు ముప్పదిపాళ్లు తగ్గును. అపుడు పట్టీల హెచ్చుతగ్గులు లెక్కకు రానంత బలహీనమగును. ఇందలి యపాయమును గమనింపుడు: హెచ్చుతగ్గులు కనబడనిచో, చూపు మందగించిన యంత్రము రికార్డు ఉన్నదనియే యెంచి వజ్రపు సూదిని వట్టి పళ్ళెముపై దింపవచ్చును. ఆ సూదిని ధరించు కార్ట్రిడ్జిని మూలసంస్థ ఇపుడు తయారుచేయుట లేదు. కాబట్టి నష్టము చిన్నది కాదు.

బాగుచేయువారు పాత దీపమునకు మాఱుగా ఎల్.ఇ.డి. దీపమును పెట్టుదురు. అది వేడి తక్కువగా పుట్టించును, చిరకాలము మన్నును. అయితే మిక్కిలి వెలుగు దీపమును తెచ్చి పెట్టిన చాలునని తలచుట పొరపాటు. గమనింపవలసిన సంగతులు నాలుగు:

1. దీపము గ్రహించు పరికరమునకు తగినదై యుండవలెను. కాడ్మియం సల్ఫైడు పరికరము మన కంటివలెనే పసుపుపచ్చ, ఆకుపచ్చ కాంతులను బాగుగా గ్రహించును. సిలికాను పరికరము మనకు కనబడని పరారుణ కాంతిని, అనగా 800 మొదలు 900 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలదానిని, మిక్కిలి బాగుగా గ్రహించును. తీగదీపము రెండు విధముల కాంతిని ఇచ్చుచుండెను. తెల్లని ఎల్.ఇ.డి.లో పరారుణ మించుమించు లేదు. మన కంటికి ధగధగలాడు దీపము సిలికాను కంటికి మసకగా తోచవచ్చును.

2. ప్రవాహమును లెక్కగట్టవలెను. 6 వోల్టుల మూలమునకు 2 వోల్టుల ఎల్.ఇ.డి.ని కలిపి 10 మిల్లీయాంపియర్లు పంపవలెననుకొందము. మిగిలిన 4 వోల్టులను 0.010 యాంపియరుచే భాగింప 400 ఓములు వచ్చును. దానికి దగ్గఱగా అంగడిలో దొరకునది 390 ఓముల నిరోధకము. పాత దీపపు ప్రవాహము మీద తక్కిన వలయము ఆధారపడియున్నచో, ఆ లోటు తీర్చుటకు ఎల్.ఇ.డి. ప్రక్కన మఱియొక నిరోధకమును గూడ చేర్చవలెను.

3. తీగదీపమునకు ధన, ఋణ భేదము లేదు, ఎల్.ఇ.డి.కి కలదు. దాని కిరణము సన్నము గనుక, పాత తీగ యున్నచోటనే, సరియైన దిక్కునకు నిలుపవలెను.

4. కార్ట్రిడ్జిని తీసివేసిన పిదపనే పరీక్షింపవలెను. మొదట వట్టి పళ్ళెముతోను, పిదప 12 అంగుళముల రికార్డుతోను, 7 అంగుళముల రికార్డుతోను చూడవలెను. వట్టి పళ్ళెముపై చేయి ఒక్క పర్యాయమైనను దిగినచో, పని పూర్తి కాలేదన్నమాట.

ఇంటి విద్యుత్తు ప్రాణాపాయకరము గనుక, తెలిసిన పెద్దలు తోడులేక పిల్లలు ఇట్టి యంత్రమును విప్పరాదు.

ఇట్టి శ్రమ వ్యర్థము కాదనుటకు ఆ సంస్థయే నిదర్శనము. అది తన 95వ ఏట, అనగా 2020లో, పాత బియోగ్రామ్ 4000 వరుస యంత్రములను 95 సేకరించి, స్ట్రూయరులోని కర్మాగారమున బాగుచేసి మరల అమ్మకమునకు పెట్టెను.

యంత్రము చీకటిలో నున్నందుననే చెడలేదు. తనకు కనబడుటలేదని తెలియక, అంతయు సరిగానున్నదని తలచి చేయి దింపుటచేత చెడెను. కొండమీది ప్రసంగమందు కంటినిగూర్చి మన ప్రభువు చెప్పిన మాటను ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మనకును, ముఖ్యముగా ఉపాధ్యాయులమైన మాకును, చేయి దింపుటకు ముందు దీపమును చూచుకొనుట మేలు.

అభ్యాసము: 12 వోల్టుల మూలమునుండి 3 వోల్టుల ఎల్.ఇ.డి.కి 15 మిల్లీయాంపియర్లు పంపుటకు ఎన్ని ఓముల నిరోధకము కావలెను?