కార్డు ఉంటే చాలదు, అందులో పేరు సరిగా ఉండాలి

మన ఇళ్లలో చాలావరకు ఆరోగ్యశ్రీ కార్డు బీరువాలో భద్రంగానే ఉంటుంది. దాన్ని బయటికి తీసి అందులో ఏముందో చదివినవారు తక్కువ. మా బడికి వచ్చే ఒక పిల్లవాడి తల్లికి రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళితే ఆమె పేరు కార్డులో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంది. ఒకచోట 'బీ' అని, ఇంకోచోట 'బేగం' అని. దాన్ని సరిచేయించుకుని వచ్చేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. జబ్బు మాత్రం మన కాగితాల కోసం ఆగదు కదా!

అందుకే ఈ పథకం గురించి నాలుగు మాటలు తెలుసుకుందాం.

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకాన్ని ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు మారినా జనం నోట ఆరోగ్యశ్రీగానే ఉంది. కుటుంబానికి ఏడాదికి వర్తించే పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ మూడూ ఇందులో ఉన్నాయి.

అయితే డబ్బు మన చేతికి రాదు. పథకంలో చేరిన ఆసుపత్రికే ప్రభుత్వం చెల్లిస్తుంది. కాబట్టి పథకంలో లేని ఆసుపత్రిలో అప్పుచేసి వైద్యం చేయించుకుని, తరువాత బిల్లులు చూపిస్తే ఈ పథకం కింద తిరిగి ఇవ్వరు. ముందు 104కు ఫోన్ చేసి, ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉందో అడగాలి. కొన్నిచోట్ల ఆపరేషన్ చేస్తారు కానీ రేడియేషన్ యంత్రం ఉండదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాన్సర్‌కు ప్రత్యేక కేంద్రం ఉంది.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లాలి. కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు వెంట ఉండాలి. ఆసుపత్రివారు వాటిని ట్రస్టుకు పంపితే అక్కడి వైద్యులు చూసి అనుమతి ఇస్తారు. ఆపరేషన్‌కు వచ్చిన అనుమతి కీమోకు పనికిరాదు. దేనికి దానికే అడగాలి. రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇప్పుడు మా ఉపాధ్యాయుల వంతు. పేరులో తేడా ఎక్కడ మొదలవుతుంది? చాలాసార్లు బడి అడ్మిషన్ రిజిస్టరులోనే. తండ్రి 'షేక్' అని చెబితే మేము తొందరలో 'ఎస్.కె.' అని రాసేశాం. పిల్ల పూర్తి పేరు అడగకుండా ఇంట్లో పిలిచే పేరే ఎక్కించాం. ముప్ఫై ఏళ్ల కిందట మేము వేసిన ఒక పొట్టి అక్షరం ఇవాళ ఒక తల్లిని ఆసుపత్రి గుమ్మంలో నిలబెడుతోంది. ఈ తప్పు మాది కాదని అనలేము. ఇకనుంచి పేరును తల్లిదండ్రులకు చదివి వినిపించాకే సంతకం తీసుకుందాం.

ఇంట్లో ఎవరికీ జబ్బు లేని ఈ రోజే కార్డు తీసి చూడండి. కొత్త కోడలి పేరు ఎక్కిందా? పుట్టిన బిడ్డ పేరు ఉందా? ఆధార్‌తో అక్షరాలు కలిశాయా? తేడా ఉంటే గ్రామ సచివాలయంలో అడిగి సరిచేయించండి.

పథకం ఎంత ఇచ్చినా కొన్ని ఖర్చులు మిగులుతాయి. పెదపారుపూడి నుంచి విజయవాడకో గుంటూరుకో పదేపదే తిరగాలి. తోడు వెళ్లినవారికి ఆ రోజు కూలి పోతుంది, భోజనం కొనుక్కోవాలి. రోగ నిర్ధారణకు ముందు పరీక్షల ఖర్చు ఉంటుంది. మన సొసైటీకి వచ్చే జకాత్, విరాళాలు ఇక్కడే అక్కరకు వస్తాయి. లక్షల ఆపరేషన్ ఖర్చు మనం మోయలేకపోవచ్చు. బస్సు చార్జీలు లేక ఎవరూ కీమో మధ్యలో మానేయకుండా చూడటం మాత్రం మన చేతిలో పనే. ఊరికి ఇద్దరు చదువుకున్న యువకులు ముందుకొచ్చి, ఒక శుక్రవారం నమాజు తరువాత అందరి కార్డులూ చూసిపెట్టినా చాలు. ఆ ఇద్దరితో పాటు మేమూ కూర్చుంటాం.